తుడిచిన చెయ్యి కడిగిన చెయ్యి కాదు

రోగి వెంట ఉండేవారి చేతులకు వాంతి, విరేచనం, రక్తం అంటడం మామూలే. వాటిలోని వైరస్ మన చర్మానికి ఎలా చేరుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది.

ద్రవం నుండి చర్మానికి

నీళ్లలో ముంచి తీసిన మీ చేతిని చూడండి. నీరు కారిపోయినా పల్చని తడి మిగిలే ఉంటుంది. రోగి ద్రవాలు అంటినప్పుడూ అంతే. ఆ తడిలోని వైరస్‌లు చర్మపు ముడతల్లో, గోళ్ల సందుల్లో, ఉంగరాల అడుగున నిలుస్తాయి. తడి ఆరగానే అన్నీ నశించవు. విరేచనాలు కలిగించే రోటా వైరస్ చేతుల మీద కొన్ని గంటలు ఉండగలదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు ఉండగలదు.

చర్మం నుండి శరీరంలోకి

గాయం లేని చర్మం మంచి గోడ వంటిది. ఈ వైరస్‌లు దానిని దాటలేవు. హెపటైటిస్ బి పుండ్లు, కోతల ద్వారా, కళ్లు, నోటి లోపలి పొరల ద్వారా ప్రవేశిస్తుంది. రోటా వైరస్ నోటి ద్వారా వెళుతుంది. జబ్బు చేసిన బిడ్డ ఒక గ్రాము విరేచనంలో రోటా వైరస్‌లు వందల కోట్లు ఉంటాయి. మరో బిడ్డకు అంటుకోవడానికి 100 లోపే చాలు. బిడ్డ గుడ్డ మార్చి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, ఆ చేత్తోనే పెద్దబిడ్డకు అన్నం కలిపితే ఏమవుతుందో ఆలోచించండి.

మీరు చేయవలసినవి

1. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, ధారగా పడే నీటితో కడగండి. మలం, వాంతి అంటిన చేతులకు శానిటైజర్ కన్నా సబ్బు, నీరే మేలు.
2. శుభ్రమైన పొడిగుడ్డతో తుడవండి. తడిచేతికి క్రిములు తేలికగా అంటుతాయి.
3. చేతికి కోత ఉంటే ప్లాస్టర్ వేసుకోండి. రక్తం, వాంతి ఎత్తేటప్పుడు గ్లవ్స్ తొడగండి. తీశాక కూడా చేతులు కడగండి.
4. నేల మీద పడినదానిని ముందు పాతగుడ్డతో ఎత్తి, లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ చోట 10 నిమిషాలు ఉంచండి. అందులో యాసిడ్ కలపవద్దు, విషవాయువు వస్తుంది.
5. రోగి రక్తం మీ పుండుకు తగిలినా, సూది గుచ్చుకున్నా పిండవద్దు. సబ్బునీటితో కడిగి వెంటనే నర్సుకు చెప్పండి. హెపటైటిస్ బి టీకా అవసరమైతే 24 గంటల లోపే వేయించుకోవడం మంచిది.

మీ వారిని తాకడానికి వెనుకాడకండి. తాకిన తరువాత చేతులు కడగడం మాత్రం మరువకండి.