కోడి నేర్పు మూడు పాఠములు

ధ్యాన భాగములు: యోబు 12:7-10, లూకా 22:54-62, మత్తయి 23:37



భూజంతువులయొద్దను, ఆకాశపక్షులయొద్దను మనుష్యుడు నేర్చుకొనవలసినది కలదని యోబు తన స్నేహితులతో చెప్పెను. చీమను గూర్చియు, ఎద్దును గూర్చియు మనము అనేక పర్యాయములు వినియున్నాము. ఈ మాసము మన పెరటిలో తిరుగు కోడిని గూర్చి ధ్యానింతము. పల్నాటివారమైన మనకు దీనివలన నేర్చుకొనవలసినది మరి ఎక్కువగా నున్నది.

1. పోరిన కోడి

పల్నాటి వీరుల కథ మనలో ఎరుగనివారు అరుదు. 12వ శతాబ్దములో గురజాల నేలిన నలగామరాజును, మాచర్ల నేలిన మలిదేవరాజును ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. వారి నడుమ కోడిపందెము పెట్టబడెను. నలగాముని పక్షమున నాయకురాలు నాగమ్మయు, మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడును నిలిచిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. మాచర్లవారు ఓడి వలస పోయిరి. గడువు తీరిన పిమ్మట వారి పాలు అడుగుటకు రాయబారిగా వచ్చిన అలరాజు విషప్రయోగమువలన చనిపోయెను. తుదకు కారెంపూడియొద్ద నాగులేటి ఒడ్డున ఇరుపక్షముల వీరులును నేలకొరిగిరి. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరుల ఉత్సవములో ఒక దినమునకు కోడిపోరు అనియే పేరు.

ఇందులో కోడి చేసిన నేరమేమి? పెరటిలో రెండు పుంజులు కలియబడుట మనము చూచుచునే యున్నాము. కొంతసేపు తన్నుకొనును. బలము చాలనిది ప్రక్కకు తొలగిపోవును. తగవు అంతటితో తీరును. మరునాడు రెండును ఒకే దిబ్బమీద గింజ లేరుకొనును. తొలగిపోవుటకు చోటు లేకుండ బరి గీసినవాడును, కాలికి కత్తి కట్టినవాడును మనుష్యుడే.

జంతువులను పోరాటమునకు పురికొల్పుట నేరమని 1960వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. అయినను సంక్రాంతి వచ్చునప్పటికి బరులు వెలయుచున్నవి. మిరపకోతలకు పోయి తెచ్చిన కూలి, బిడ్డల చదువునకు దాచిన సొమ్ము ఒక్క పూటలో పోవుచున్నవి. పిమ్మట ఇంట కన్నీరు, ఊరిలో పక్షములు.

పందెమునకు పోనివారమని మనము అతిశయపడనక్కరలేదు. గట్టు తగవు వచ్చినప్పుడు, సంఘములో మాట పట్టింపు కలిగినప్పుడు, ఓడినవాడు తలవంపు లేకుండ తొలగిపోవుటకు మనము త్రోవ ఉంచుచున్నామా? లేక బరి చుట్టు నిలిచి, నాలుకకు కత్తి కట్టుకొని, ఇరువురిని ఎగద్రోయుచున్నామా?

2. కూసిన కోడి

ప్రధానయాజకుని ఇంటి ముంగిట పేతురు తన ప్రభువును ఎరుగనని మూడు మారులు పలికెను. అప్పుడు కోడి కూసెను. ప్రభువు తిరిగి అతనివైపు చూచెను. అతడు వెలుపలికి పోయి మిక్కిలి ఏడ్చెను. కోడి పేతురును నిందింపలేదు. తన వేళకు తాను కూసినది, అంతే.

జపాను దేశములోని నగోయా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2013లో కోళ్లను ఎల్లప్పుడు మసక వెలుతురులోనే నుంచి పరీక్షించిరి. వెలుపలి సూర్యుడు కానరాకున్నను అవి తమ వేళకు కూసినవి. సృష్టికర్త వాటి లోపలనే గడియారము నుంచెను.

తన పని తన వేళకు నమ్మకముగా చేయువాని నడవడియే పొరుగువాని మనస్సాక్షిని మేల్కొలుపును. నలుగురిలో వాని తప్పు ఎత్తి చూపుటకంటె ఇది మేలు.

3. పొదిగిన పెట్ట

పెట్టకోడి 21 దినములు గ్రుడ్లమీద కూర్చుండును. మేతకు దినమునకు కొద్దిసేపు మాత్రమే లేచును. బాతు గ్రుడ్లు పెట్టినను పొదుగును. ఇవి ఎవరివని అడుగదు. పిల్లలైన పిమ్మట గ్రద్ద నీడ కనబడగానే కేక వేసి, వాటిని రెక్కల క్రిందికి చేర్చుకొనును. గ్రద్దకు తన వీపు నప్పగించును గాని పిల్లల నప్పగింపదు.

మన ప్రభువు తన్నుతాను పోల్చుకొనుటకు పోరు పుంజును ఏర్పరచుకొనలేదు. ఈ పెట్టకోడినే ఏర్పరచుకొనెను. అదియు తన్ను ప్రేమించినవారి యెదుట కాదు, ప్రవక్తలను చంపిన యెరూషలేమును గూర్చి దుఃఖించుచు ఆ మాట చెప్పెను. ఎన్నో మారులు చేర్చుకొనగోరినను వారు ఒల్లకపోయిరి.

ఒక కోడిపందెము అన్నదమ్ములను విడదీసెనని పల్నాటి కథ చెప్పుచున్నది. విడిపోయినవారిని ఒక్క రెక్క క్రింద చేర్చవలెనని సువార్త చెప్పుచున్నది. మనము ఏ కోడి వెంట నడచుచున్నాము?

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంటివారితో మాటలు లేనివారు ఊరిలో ఎవరు? ముందుగా పలుకరింపవలసినవారు ఎవరు?

2. సంక్రాంతి దినములలో మన యౌవనస్థులు బరియొద్దకు పోకుండునట్లు సంఘము వారికి ఏమి ఏర్పాటు చేయగలదు?

3. ఎదుటి పక్షమువారి బిడ్డ ఆపదలో మన గుమ్మమునకు వచ్చినయెడల, ఎవరి బిడ్డవని అడుగుదుమా, లోనికి పిలుతుమా?