బంకు కింది నీటిని కనిపెట్టే ఉద్యోగాలు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా హైవే పక్కన ఎన్ని పెట్రోలు బంకులున్నాయో, అన్నిటి కిందా వేల లీటర్ల ట్యాంకులు పాతి ఉంటాయి. ఎగువన మెట్టలో బోర్లు లోతు. దిగువన కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ నీరు పైపైనే తగులుతుంది. అలాంటి నేలలో ట్యాంకుకు తుప్పు పట్టి చిల్లు పడితే ఇంధనం నేరుగా నీటిలోకే చేరుతుంది. కెమిస్ట్రీ, జియాలజీ, సివిల్ చదివే మన పిల్లలు ఈ రంగం వైపు చూడటం లేదు. చూడాలి.

పని తొలిమెట్టు బంకులోనే ఉంది. డిప్ రాడ్ కొసకు వాటర్ పేస్ట్ రాసి ట్యాంకులోకి దింపుతారు. పేస్ట్ ఎంత ఎత్తు వరకు రంగు మారితే అడుగున అంత నీరున్నట్టు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపాక ఇది ఇంకా జాగ్రత్తగా చేయాల్సిన పని అయింది: ఇథనాల్ నీటితో కలిసిపోయి అడుగున వేరే పొర కడుతుంది, అందుకు తగిన పేస్ట్ వాడకపోతే నీరు పట్టుబడదు. ఇక స్టాకు రిజిస్టరులో తరుగు రోజూ ఒకే తీరున కనిపిస్తుంటే లీకేమోనని అనుమానించాల్సిందే.

కారిన పెట్రోలు భూగర్భ జలం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ కొంత నీటిలో కరిగి, నీటి వాలు వెంట బావుల వైపు సాగుతుంది. అది క్యాన్సర్ కారకం. అమెరికాలో తాగునీటిలో దాని పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే. అక్కడ 1984లో చట్టం వచ్చినప్పటి నుంచి 5 లక్షలకు పైగా ట్యాంకు లీకులు బయటపడ్డాయి. మన దగ్గర 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకు మార్గదర్శకాలిచ్చింది. నిబంధనలు వచ్చాక వాటిని అమలు చేసే మనుషులు కావాలి కదా.

డిప్లొమా వాళ్లకు ట్యాంకులు, పైపులైన్ల పరీక్షల పనులుంటాయి. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో చేరవచ్చు. ఎమ్మెస్సీ జియాలజీ, కెమిస్ట్రీ వాళ్లకు నేను ముందుగా చెప్పేది యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష: కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్ బి పోస్టులకు దారి అదే. ఇంజినీర్లు కాలుష్య నియంత్రణ మండలి నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచాలి. ఇంజినీరింగ్ చదవాలంటే, 2015లో మొదలైన నిట్ తాడేపల్లిగూడెంలోనే ఉంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. అది పెట్రోలు వ్యవహారం కాదు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పేదాకా ఊరంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది. అలా కారణాన్ని పరీక్షించి తేల్చే నైపుణ్యం జిల్లాలోనే ఉండాలని అప్పటి నుంచీ నా పట్టుదల.

చదువుకుంటుండగానే ఒక పని చేయండి. మీ ఊళ్లో ఒకే వరుసలో లేని మూడు బావులు ఎంచుకుని, కాలువలు కట్టేసినప్పుడు ఒకసారి, వదిలాక ఒకసారి నీటిమట్టం కొలవండి. అక్కడి నేల ఎత్తును లెక్కలోకి తీసుకుని మూడు మట్టాలనూ మ్యాపు మీద వేస్తే నీరు ఎటు వాలుతోందో తెలుస్తుంది. ఇంటర్వ్యూకు ఆ మ్యాపు పట్టుకెళ్లండి.