అంటువ్యాధి కాలంలో ఒంటరితనం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన పిమ్మట, ఒంటరిగా నివసించే ఒక వృద్ధురాలు నిద్ర పట్టడం లేదని నాకు ఫోను చేశారు. పాదాభ్యంగనం, రాత్రివేళ గోరువెచ్చని పాలు సూచించాను. గుణం కనిపించలేదు. ఆకలి, విరేచనం గురించి విచారించాను గాని, రోజులో ఎవరితో మాట్లాడుతున్నారని అడగనే లేదు. రోగాన్ని వృద్ధి చేసేవాటిలో విషాదమే ప్రధానమని చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో చదివి కూడా విస్మరించాను.

ఒంటరితనంలో మనస్సు నిరంతరం జాగరూకమై ఉంటుంది. అందువల్ల నిద్ర చెదురుతుంది. మనుమరాలు ప్రతి సాయంకాలం ఫోనులో ఆవకాయ కొలతలు అడిగి వ్రాసుకోసాగింది. "ఎలా ఉన్నావు?" అన్న పరామర్శకంటె "ఆవపిండి ఎంత, అమ్మమ్మా?" అన్న ప్రశ్నే ఆమెకు ఎక్కువ మేలు చేసింది. క్రమంగా నిద్ర కుదిరింది. అయితే దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే గృహవైద్యంతో కాలయాపన చేయక మానసిక వైద్యుని సంప్రదించాలి.