బండల దారిలో అమ్మమ్మ

అమెరికా దేశంలో ఒక కాలిబాట ఉంది. పేరు అపలాచియన్ బాట. జార్జియా రాష్ట్రంలో మొదలవుతుంది. 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ అనే రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ముగుస్తుంది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. దాని మీద బస్సు పోదు, బండి పోదు. కొండలు, అడవులు, వాగులు దాటుకుంటూ నడవాల్సిందే.

ఈ బాటంతా ఒకే విడతలో, ఒంటరిగా నడిచిన మొదటి ఆడమనిషి ఎవరో తెలుసా? 67 ఏళ్ళ ముసలమ్మ. ఆమె పేరు ఎమ్మా గేట్‌వుడ్.

ఎమ్మా 1887లో ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. 19 ఏళ్ళకు పెళ్ళయింది. 11 మంది పిల్లలు. ఇంటి పని, పొలం పని, పైగా మొగుడి దెబ్బలు. పళ్ళు విరిగేలా, పక్కటెముక చిట్లేలా కొట్టాడు. తట్టుకోలేనప్పుడు ఆమె అడవిలోకి పోయేది. అక్కడే కాస్త నెమ్మది. చివరికి 1941లో విడాకులు తీసుకుంది.

కొన్నేళ్ళకు ఒక పత్రిక ఆమె చేతికి వచ్చింది. అందులో ఈ బాట గురించి రాశారు. ఆరోగ్యం ఉన్నవాళ్ళు ఎవరైనా నడవొచ్చని ఉంది. ఎమ్మా చదివింది. నేనూ నడుస్తా అనుకుంది.

1954లో మెయిన్ వైపు నుంచి మొదలుపెట్టింది. దారి తప్పింది. కళ్ళద్దాలు పగిలాయి. అడవి ఉద్యోగులు ఆమెను ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళింది.

మరుసటి ఏడు, 1955 మే 3న, జార్జియా వైపు నుంచి మళ్ళీ బయలుదేరింది. పిల్లలతో "అలా నడిచొస్తా" అన్నదంతే. భుజాన తానే కుట్టుకున్న గుడ్డసంచి. అందులో ఒక దుప్పటి, వానకు కప్పుకోను ప్లాస్టిక్ కర్టెన్. డేరా లేదు. కాళ్ళకు మామూలు గుడ్డ బూట్లు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో బాట నిండా మొనదేలిన రాళ్ళు. బూట్లు ఒక జత తర్వాత ఒక జత అరిగిపోయాయి. అయితే అసలు కష్టం మెయిన్‌లో ఉంది. అక్కడ మహూసుక్ అనే ఇరుకు లోయ వస్తుంది. పొడవు ఒక్క మైలే. రెండు పక్కలా కొండలు. పైనుంచి విరిగిపడిన బండలు లోయ నిండా ఉన్నాయి. కొన్ని ఇంటంత ఉంటాయి. నిండు వేసవిలో కూడా వాటి సందుల్లో మంచుగడ్డ కరగదు. వయసులో ఉన్నవాళ్ళకే ఆ మైలు దాటడానికి రెండు గంటలు పడుతుంది.

అలాంటి చోట ఎలా నడుస్తారు? నిలబడి నడవడం అన్నిచోట్లా కుదరదు. చేతులు కూడా వాడాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ బండను పట్టుకునే ఉండాలి. నాలుగోదే కదలాలి. రాయి మీద బరువు వేసే ముందు కాలితో కొంచెం నొక్కి చూడాలి. కదిలితే వదిలెయ్యాలి. పాచి పట్టిన రాయి, తడి రాయి జారతాయి. సందు ఇరుకైతే సంచి ముందు తోసి, తర్వాత మనిషి పాకాలి. దిగేటప్పుడు సిగ్గుపడకుండా కూర్చుని జారాలి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే పడేది ఎక్కువ. కట్టెల మోపుతో గుట్ట దిగే ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వానలో మాత్రం తొందరపడకూడదు. ఆగడమే మేలు.

సెప్టెంబరు 25న ఎమ్మా కటాడిన్ కొండ ఎక్కింది. మొత్తం 146 రోజులు పట్టింది. అప్పటికే పత్రికలవాళ్ళు ఆమె కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. ఆమె పొగడ్తలకు పొంగిపోలేదు. పత్రికలో రాసినంత బాగా దారి లేదని మొహం మీదే చెప్పింది. ఇంత కష్టమని తెలిస్తే మొదలే పెట్టేదాన్ని కాదు, మొదలుపెట్టాక మానలేకపోయాను అంది. ఆమె మాటల వల్లే తర్వాత బాటను బాగుచేయడం పెరిగిందని చెబుతారు.

1957లో ఎమ్మా మళ్ళీ ఆ బాటంతా నడిచింది. ముక్కలు ముక్కలుగా నడిచి 1964లో మూడోసారి కూడా పూర్తి చేసింది. బాటను మూడుసార్లు నడిచిన మొదటి మనిషి ఆమే. 1973లో, 85 ఏళ్ళ వయసులో చనిపోయింది.

చర్చించుకోండి:
పత్రికలో రాసిన దారి, ఎమ్మా నడిచిన దారి ఒకటేనా?
మీ ఊరి గుట్ట దిగేటప్పుడు మీరు ఎలా అడుగు వేస్తారు?