డ్యాష్‌బోర్డు మూగవోయినప్పుడు: పాత కారు విద్యుత్ వలయంలో దోష నిర్ణయం

యంత్రానికీ దానిని నడిపే మనిషికీ మధ్య సంభాషణ జరిగే తావు డ్యాష్‌బోర్డు. మనం మీట నొక్కి ఆజ్ఞాపిస్తాము. దీపమో, వైపరో, హారనో బదులు పలుకుతుంది. ఏళ్ళు గడిచిన కారులో ఒకనాడు ఆ బదులు రాదు. అప్పుడు సాధారణంగా జరిగే పని ఒకటే: స్విచ్చి చెడిందని తలచి కొత్త స్విచ్చి కొని బిగించడం. తరచుగా దానివల్ల ధనవ్యయమే గాని ప్రయోజనం ఉండదు. మీట కేవలం ద్వారం వంటిది. ద్వారం వెనుక నున్న దారి తెగినప్పుడు ద్వారాన్ని మార్చి లాభమేమి? దోషాన్ని ఊహించరాదు, నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి ఒక క్రమం ఉన్నదని చూపడమే ఈ వ్యాసోద్దేశం.

ఇది కేవలం వినోదవిషయం కాదు. ఈశాన్య ఋతుపవనాల వానలో, రాత్రివేళ, మొగిలి ఘాటులోనో భాకరాపేట ఘాటులోనో మలుపు తిరుగుతుండగా వైపరు ఆగినా, పెద్దదీపాలు మలిగినా పర్యవసానం ఎట్టిదో చిత్తూరు సీమ వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన ప్రాంతానికి చేరువైన ఉదాహరణ

పాత స్పోర్ట్స్ కారనగానే అది మనకు సంబంధం లేని విదేశీ వస్తువని తోచవచ్చు. కాని దానికి దగ్గరి చుట్టమొకటి మన పొరుగున మద్రాసులోనే పుట్టింది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961లో అక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ కారు నిర్మాణం ప్రారంభించింది. దాని మాతృక ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ చట్రాన్నే పొట్టిగా మలచి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును వెలువరించారు. రెండింటి రూపశిల్పి ఇటలీ దేశస్థుడైన మికెలొట్టి. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కూడా ఈ తరానికి చెందినదే. ఈ కార్ల విద్యుత్ పరికరాలు ప్రధానంగా లూకాస్ సంస్థవి. ఆ సంస్థ భాగస్వామ్యంతోనే 1961లో మద్రాసు పాడిలో లూకాస్-టి.వి.ఎస్. ఏర్పడింది. కనుక ఆ కార్ల విద్యుత్ పద్ధతిని తెలుసుకొన్నవాడు మన షెడ్డుకు వచ్చే పాత హెరాల్డునూ అర్థం చేసుకోగలడు.

దారి స్వరూపం

విద్యుత్తు బ్యాటరీ నుండి బయలుదేరి, ఫ్యూజు, స్విచ్చి, దీపం లేక మోటారు గుండా సాగి, కారు ఇనుప శరీరం ద్వారా తిరిగి బ్యాటరీని చేరుతుంది. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటాము. పోయే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారి అంత ముఖ్యం. సగం వలయం వలయం కాదు.

బ్రిటిష్ కార్లలో వైరు రంగే దాని కులగోత్రాలను చెబుతుంది. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుండి ఎల్లప్పుడూ ప్రవాహం కలది. తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పినప్పుడు జీవం పొందేది. ఆ తెలుపు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. గోధుమ ఫ్యూజు దాటితే ఊదా. నీలం పెద్దదీపాలకు, ఎరుపు చిన్నదీపాలకు, డ్యాష్‌బోర్డు దీపాలకు, నలుపు ఎర్త్‌కు. ఈ ఏడు రంగులు కంఠస్థం చేసిన విద్యార్థికి డ్యాష్‌బోర్డు వెనుక చిక్కుపడిన వైర్లు చదవదగిన వాక్యాలుగా కనిపిస్తాయి.

అన్వయ వ్యతిరేకాలు

మన శాస్త్రకారులు కార్యకారణ నిర్ణయానికి అన్వయ వ్యతిరేకాలను ఆశ్రయించారు. ఏది ఉంటే ఏది ఉంటుంది, ఏది లేకుంటే ఏది లేదు అన్న పరిశీలన అది. దోష నిర్ణయానికి ఇంతకు మించిన సాధనం లేదు. పనిముట్టు చేతబట్టక మునుపే కాగితం మీద రెండు వరుసలు వ్రాయాలి: ఏవి పనిచేస్తున్నవి, ఏవి పనిచేయడం లేదు.

ఎం.జి.బి.లో వైపరు, ఇండికేటర్లు, ఇంధన సూచిక మూడూ ఒక్కసారిగా ఆగాయనుకొందాం. మూడు స్విచ్చులు ఒకేనాడు చెడవు. మూడింటికీ సామాన్యమైనది ఆకుపచ్చ వైరు. కనుక దానికి మూలమైన ఫ్యూజును ముందు చూడాలి. అవన్నీ పనిచేస్తూ హారను మాత్రమే మ్రోగకుంటే ఊదా వైరు దారిని వెదకాలి. 1960ల మధ్య నుండి అనేక బ్రిటిష్ కార్లలో ఇంధన, ఉష్ణ సూచికలకు సుమారు పది వోల్టులు అందించే స్టెబిలైజరు ఒకటి ఉంటుంది. రెండు ముళ్ళూ కలిసి నేల కరిస్తే, ఆ రెండు సూచికలనూ గాక స్టెబిలైజరునూ దానికి వచ్చే ప్రవాహాన్నీ శంకించాలి. రెండూ కలిసి ఉన్నదానికన్న ఎక్కువ చూపితే దాని ఎర్త్‌ను పరీక్షించాలి. ఒక మీట నొక్కితే సంబంధం లేని మరొక దీపం మిణుకుమంటే, అది తిరుగు దారి తెగి ప్రవాహం పక్కదారి పట్టిందనడానికి గుర్తు. ఒక్కటి మాత్రమే ఆగి, తక్కినవన్నీ సక్రమంగా ఉన్నప్పుడే ఆ ఒక్కదాని స్విచ్చి, వైరు, మోటారు వంతు వస్తుంది.

కొలిచి చూడడం

ఊహ తరువాత కొలత రావాలి. బాగుగా నిండిన పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆపి ఉంచినప్పుడు, మల్టీమీటరు మీద సుమారు 12.6 వోల్టులు చూపాలి; ఇంజను నడుస్తుండగా దాదాపు 14. ఇది సరిగా లేకుండా ముందుకు పోవడం వ్యర్థం.

పిమ్మట స్విచ్చి వేసి, పరికరానికి భారం ఉన్న స్థితిలోనే కొలవాలి. భారం లేనప్పుడు చిలుము పట్టిన సంధి కూడా పూర్తి వోల్టేజి చూపి మనలను మోసగిస్తుంది. మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ వద్ద, రెండవ కొనను పరికరపు పాజిటివ్ వద్ద ఉంచితే, దారిలో ఎంత పోయిందో తెలుస్తుంది. అర వోల్టు దాటితే దారిలో దోషముంది. ఎర్త్ వైపు ఇదే విధంగా చూస్తే 0.2 వోల్టు మించరాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. రెండు పెద్దదీపాలు కలిసి 120 వాట్లు. పన్నెండు వోల్టుల వద్ద పది ఆంపియర్లు. ఆ ప్రవాహం 0.2 ఓమ్ నిరోధం గల మురికి పట్టిన స్విచ్చి గుండా పోతే సుమారు రెండు వోల్టులు అక్కడే నశిస్తాయి. దీపాలు మసకబారతాయి. అంతేకాదు, దాదాపు ఇరవై వాట్ల వేడి ఆ చిన్న స్విచ్చిలోనే పుడుతుంది. టంకం వేసే చిన్న ఇనుపకడ్డీ వేడికి అది తీసిపోదు. ప్లాస్టిక్కు కరగడంలో ఆశ్చర్యమేమున్నది?

చికిత్స

వైర్లపై చేయి వేయక మునుపు బ్యాటరీ ఎర్త్ కేబులును విప్పాలి. 1967 ప్రాంతానికి ముందు తయారైన బ్రిటిష్ కార్లలో అనేకం పాజిటివ్ ఎర్త్ కలవి. నెగటివే ఎర్త్ అన్న అలవాటుతో చేయి వేస్తే ప్రమాదం. ఏ కొన కారు శరీరానికి కలిసి ఉన్నదో కంటితో చూచి నిశ్చయించుకోవాలి.

ఫ్యూజు పట్టుకొనే ఇత్తడి రెక్కలపై చిలుమును సన్నని ఉప్పుకాగితంతో తొలగించి, వదులైతే బిగువు చేయాలి. ఎర్త్ మరను విప్పి, తుప్పును గీకి, మెరిసే ఇనుముపై తిరిగి బిగించాలి. కొన్నాళ్ళుగా కదపని మీటను ప్రవాహం లేనప్పుడు పదిసార్లు అటూ ఇటూ ఆడించి, సంధులను శుభ్రపరచే ద్రవం చల్లితే అనేకమార్లు జీవం వస్తుంది. ఎలుకలు కొరికిన వైరును, ఎండకు పెళుసెక్కిన వైరును అతుకులతో సరిపెట్టక అదే మందం, అదే రంగు గల వైరుతో మార్చాలి. పెద్దదీపాల భారం స్విచ్చిపై పడకుండా రిలే అమర్చడం ఉత్తమం. అప్పుడు స్విచ్చి గుండా పోయేది ఆంపియరులో ఐదో వంతుకు మించదు.

ఫ్యూజు విషయంలో ఒక సూక్ష్మం గమనించదగినది. పాత లూకాస్ ఫ్యూజుపై 35 అని ఉంటే, అది తెగిపోయే ప్రవాహం. నిరంతరం మోయగలిగినది 17 ఆంపియర్లే. నేటి ఫ్యూజులపై ఉండే అంకె నిరంతరం మోయగలిగినది. కనుక పాత 35కు బదులు నేటి 35 వేసినవాడు రక్షణను సగానికి తగ్గించినట్లే. ఎం.జి.బి. పెద్దదీపాల దారికి తొలుత ఫ్యూజే లేదు; రిలే అమర్చేటప్పుడే బ్యాటరీకి చేరువగా ఫ్యూజు చేర్చడం వివేకం. ఇక ఫ్యూజుకు బదులు రాగితీగనో, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితాన్నో చుట్టడం మహాపరాధం. పొగను చూచి నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. మన డ్యాష్‌బోర్డు వెనుక దానికి ప్రత్యక్ష నిరూపణ కోరరాదు.

విద్యార్థులకు, పెద్దలకు మనవి

మన ఊళ్ళ మెకానిక్ షెడ్లలో 'ఉస్తాద్' అన్న పిలుపు గౌరవంతో వినబడుతుంది. ఆ ఉస్తాదుల కుమారులూ తమ్ముళ్ళూ మన తరగతి గదుల్లో కూర్చున్నారు. చేతి అనుభవం ఒకచోట, ఓమ్ సూత్రం మరొకచోట ఉండి, రెండూ పరస్పరం పలకరించుకోకపోవడం మన విద్యలోని లోపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నేర్చిన సూత్రాన్ని సాయంకాలం షెడ్డుకు తీసుకొనిపోయే షాగిర్దు ఉస్తాదుకు సాయపడతాడు. షెడ్డులో ఎదురైన చిక్కును మరునాడు తరగతికి తెచ్చేవాడు అధ్యాపకునికి పాఠం చెబుతాడు. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంలో కొన్ని వైరింగు పటాలనూ, ప్రయోగశాలలో విద్యార్థుల వాడుకకు మరికొన్ని మల్టీమీటర్లనూ సమకూర్చితే ఈ రాకపోకలు సులభమవుతాయి. వాటి వివరణలు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసే పనిని విద్యార్థులే చేపట్టవచ్చు.

దోషం కనబడిన చోటనే కారణం ఉండదు. కలిసి ఆగినవాటిని గుర్తించి, వాటికి సామాన్యమైన మూలాన్ని వెదకి, కొలిచి, నిశ్చయించి, పిమ్మటనే చేయి వేయాలి. ఈ క్రమం అలవడినవాడు కారునే కాదు, చేపట్టిన ఏ పనినైనా తొందరపాటు తీర్పులకు లోనుకాకుండా చక్కదిద్దగలడు.