సందేహాలు - సమాధానాలు: బొమ్మ బాగా రానక్కర్లేదు

మావారు పోయి ఎనిమిది నెలలు. రైల్ నిలయంలో పనిచేసి రిటైరయ్యారు. మా అమ్మాయి రంగులు, డ్రాయింగు పుస్తకం కొనిచ్చి "బొమ్మలు వెయ్యమ్మా, మనసు కుదుటపడుతుంది" అంటోంది. నాకు ముగ్గు తప్ప ఏమీ రాదు. అదీ ఏడాది దాకా పెట్టకూడదన్నారు. ఈ వయసులో రంగులు పట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?
– ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి

అమ్మా, ఏళ్ళ తరబడి చుక్కలు లెక్కపెట్టి, గీత తెగకుండా కలిపిన చెయ్యి మీది. డ్రాయింగు పుస్తకానికి బెదరకండి. గుమ్మంలో ముగ్గు వద్దన్న పెద్దల మాట మన్నించండి. కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకోవడానికి ఆ నియమం అడ్డురాదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసి, ఇల్లంతా ఖాళీగా అనిపించే వేళ ఉంటుంది కదా, అప్పటికి ఆ పుస్తకం చేతికందేలా పెట్టుకోండి.

బాగా రావాలన్న పట్టింపు వదిలేయండి. అమెరికాలో గిరిజా కైమల్ అనే పరిశోధకురాలి బృందం 39 మంది వయోజనుల చేత 45 నిమిషాలు ఇష్టమొచ్చినట్టు బొమ్మలు చేయించి, ముందూ తర్వాతా కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచింది. నలుగురిలో ముగ్గురికి తగ్గింది. అలవాటున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో అచ్చయిన చిన్న అధ్యయనమిది. దుఃఖం పోతుందని వాళ్ళు చెప్పలేదు, నేనూ చెప్పను.

రంగులు అసలే నచ్చకపోతే ఆయన చొక్కాలు బయటికి తీయండి. వాటితో, మీ పాత చీరలతో ఒక బొంత కుట్టండి. దారం కోసం జనరల్ బజారు దాకా వెళ్ళి రావడం కూడా మంచిదే. కత్తెర వెయ్యడానికి చెయ్యి రాని రోజున మడతపెట్టి బీరువాలో పెట్టేయండి. ఒక్క చొక్కా మాత్రం కొయ్యకుండా దాచుకోండి.

ఇక నలుగురి సంగతి. ఎవరేమన్నా, దుఃఖానికి గడువు పెట్టే హక్కు వాళ్ళకి లేదు. జర్మన్ కళాకారిణి కేతే కోల్విట్జ్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు. అతని కోసం ఆమె తలపెట్టిన శోకించే తల్లిదండ్రుల శిల్పాలు బెల్జియంలోని సైనికుల శ్మశానానికి చేరింది 1932లో. మీకు ఎనిమిది నెలలే అయింది తల్లీ!

మా బాబుకి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ పోయి నాలుగు నెలలు. రోజూ ఒకటే బొమ్మ: ఆసుపత్రి మంచం, చుట్టూ నలుపు. చూడలేక రంగుపెన్సిళ్ళు దాచేశాను. తప్పు చేశానా?
– సీతాఫల్‌మండి నుంచి ఒక తండ్రి

ఇవాళే తిరిగి ఇచ్చేయండి. నోటితో అడగలేనిది వాడు ఆ కాగితం మీద అడుగుతున్నాడేమో. నలుపు చూసి అర్థాలు తీయకండి, ఆ పెన్సిలే చేతికి దొరికి ఉండొచ్చు. "ఈ బొమ్మ సంగతి చెప్తావా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. చెప్పకపోతే పక్కన కూర్చుని మీరూ వేయండి, మీ స్కూటరు వెనక కూర్చున్న వాళ్ళమ్మని. బాగుందని గానీ బాగాలేదని గానీ అనొద్దు. చుట్టాలకి చూపించొద్దు. "అమ్మ ఊరెళ్ళింది" అని ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి సరిదిద్దండి. చనిపోయింది అనే చెప్పాలి, ఆ మాట మీ నోటి నుంచే వినాలి. నిద్ర, తిండి, బడి వారాల తరబడి దెబ్బతిన్నా, తనూ అమ్మ దగ్గరికి పోతానన్నా ఆలస్యం చేయక గాంధీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి.

నా ప్రాణస్నేహితుడు పోయాడు. రాస్తే తేలికవుతుందన్నారు. నాలుగు రోజులు రాశాను, ఇంకా బరువెక్కింది.
– తార్నాక నుంచి ఒక విద్యార్థి

బరువెక్కుతుంది బాబూ. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలోనూ విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసులోని గాయం గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ళకి దిగులు పెరిగింది. మేలు కనబడింది ఆ తర్వాతి నెలల్లో. కాబట్టి గడియారం పెట్టుకుని రాయండి, టైమయ్యాక లేచి బయటికి నడవండి, నిద్రపోయే ముందు మాత్రం వద్దు.

మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు రాగం తీసి, పోయినవాళ్ళ గుణాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తారు. అపార్ట్‌మెంట్లకు వచ్చాక ఆ గొంతు నొక్కేసుకున్నాం, నాకది పెద్ద నష్టమనిపిస్తుంది. కాగితం మీద కూడా అలా ఏడవొచ్చు. 1937లో పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కోసం శ్రీశ్రీ రాసిన కవితే 1950లో అచ్చయిన మహాప్రస్థానానికి అంకిత కవిత అయింది. మీ స్నేహితుడి పేరు పెట్టి పిలుస్తూ రాయండి, కవిత కాకపోయినా సరే.

బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా కాగితం పక్కనపెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ సేవ, రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.