ఎరుక సాధన – బృంద చికిత్స: చేరబోవువారు తెలిసికొనవలసినవి

మనస్సు ఒకచోట నిలువదు. ధ్వజస్తంభమునకు మ్రొక్కుచునే చెప్పులు విడిచిన చోటును తలచుకొనును. స్వామి యెదుట నిలిచిన క్షణముననే ఇంటి అప్పును జ్ఞప్తికి తెచ్చును. ఆరోగ్యవంతునకు ఈ చాంచల్యము చిన్న చిక్కు మాత్రమే. కాని తీరని నొప్పితో బాధపడువానికిని, కుంగుబాటు తగ్గినట్లే తగ్గి మరల మరల వచ్చువానికిని ఇదియే పెద్ద శత్రువగును. ఒక్క చెడు తలంపు పదింటిని వెంటబెట్టుకొని వచ్చును. ఆ పదియు కలసి మనిషిని మంచము పట్టించును. ఇట్టివారికి వైద్యులు నేడు సూచించు మార్గములలో "మైండ్‌ఫుల్‌నెస్" ఆధారముగా గల బృంద చికిత్స యొకటి. అచ్చట ఏమి జరుగును? ఏమి ఆశింపవచ్చును? ఏమి ఆశింపరాదు? అను సందేహములు రోగికిని, ఇంటివారికిని కలుగుట సహజము.

పుట్టుక

మైండ్‌ఫుల్‌నెస్ అను మాటకు తెలుగున "ఎరుక" యనుట తగియున్నది. పాళీ భాషలోని "సతి" యను పదమును 1881లో రీస్ డేవిడ్స్ పండితుడు ఈ ఆంగ్లపదముతో అనువదించెను. ఆ "సతి" సంస్కృతమునందలి "స్మృతి"యే. 1979లో అమెరికాలోని వూస్టర్ నగరమున, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రములో జాన్ కబాట్-జిన్ అను శాస్త్రజ్ఞుడు, మందులతో తీరని నొప్పులు గలవారికై ఒక శిక్షణను ప్రారంభించెను. బౌద్ధ ధ్యానమునుండియు, హఠయోగమునుండియు సాధనలను గ్రహించి, ఏ మతవిశ్వాసమును నియమముగా పెట్టక, ఆసుపత్రికి తగినట్లు కూర్చెను. తరువాత జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్, జాన్ టీస్‌డేల్ అను మువ్వురు దీనిని కుంగుబాటు తిరుగబెట్టకుండుటకు అనువుగా మలచిరి.

ఎనిమిది వారముల క్రమము

చేరుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్కొక్కరితో విడిగా మాటలాడును. పూర్వపు వ్యాధులను, వాడుచున్న మందులను, చనిపోవలెనను తలంపు ఎన్నడైన కలిగియున్నచో దానిని కూడ అప్పుడు దాచక చెప్పవలెను. తరగతి వారమునకొకసారి, రెండు మొదలు రెండున్నర గంటలు జరుగును.

మొదటి దినమున అరచేత నొక ఎండుద్రాక్షను ఉంచుదురు. మున్నెన్నడును చూడని వస్తువువలె దాని ముడుతలను పరికించి, వాసన చూచి, నాలుకపై నుంచుకొని, మెల్లగా నమిలి మ్రింగవలెను. ప్రసాదమును కన్నులకద్దుకొని స్వీకరించువారికి ఈ నిదానము కొత్త గాదు. అయితే ఇందు ఉద్దేశము వేరు. మనము ఎంత పరాకుగా తినుచున్నామో, ఎంత పరాకుగా బ్రతుకుచున్నామో తెలియుటకే ఈ యభ్యాసము.

పిమ్మట వెల్లకిల పరుండి, ఎడమ పాదపు వ్రేళ్లనుండి శిరస్సు వరకు ఒక్కొక్క యవయవముపై ధ్యాస నిలుపుదురు. ఇది ముప్పావు గంట సాగును. తిరుప్పాణాళ్వారు శ్రీరంగనాథుని పాదములనుండి కన్నులవరకు దర్శించి పాడిన క్రమము వైష్ణవులకు తెలిసినదే. అచ్చట ధ్యేయము భగవంతుని దివ్యమంగళ విగ్రహము. ఇచ్చట నొప్పితో నున్న మన దేహమే. ఒకటి మరియొకదానికి బదులు కానేరదు. ఈ సాధనలో కొందరు నిద్రింతురు. కొందరికి విసుగు పుట్టును. కొందరికి నొప్పి హెచ్చినట్లు తోచును. ఇవి తప్పులు కావు. అంతవరకు చూడ నిరాకరించినదానిని చూచుటవలన కలుగునవి.

తరువాతి వారములలో శ్వాసను గమనించుచు కూర్చుండుట, మెల్లగా నడచుట, సులభమైన ఆసనములు నేర్పుదురు. ఒక వారము సుఖమిచ్చిన సంగతులను, మరియొక వారము బాధించినవానిని వ్రాసికొని రమ్మందురు. "నేను పనికిమాలినవాడను" అను భావము వచ్చినప్పుడు దానితో వాదింపక, దానిని నమ్మక, "ఇదియొక తలంపు" అని గుర్తించుట అందరికంటె కుంగుబాటు గలవారికి ముఖ్యము. చివరి వారములలో ఒక దినమంతయు మౌనముగా సాధన చేయుటయు కలదు.

బృందములో ఎవరిని తమ కథ చెప్పుమని బలవంతము చేయరు. "ఏమి గమనించితిరి?" అని మాత్రము అడుగుదురు. తనకొక్కనికే మనస్సు పారిపోవుచున్నదని సిగ్గుపడినవాడు, ప్రక్కవాని నోట అదే మాట విని తేరుకొనును. ఒకరి మాట బయట చెప్పరాదను నియమమును అందరును పాటింపవలెను.

ఇంటివారి బాధ్యత

అసలు శిక్షణ జరుగునది ఇంటియందు. వారమునకు ఆరు దినములు, దినమునకు ముప్పావు గంట సాధన చేయుమందురు. పెక్కురు తడబడునది ఇచ్చటనే. ముఖ్యముగా గృహిణికి తలుపు వేసికొని ముప్పావు గంట కూర్చుండు వీలు ఏ యింటిలో దొరకును? ఆ సమయమున పొయ్యిని, పిల్లలను చూచుకొనుటకు ఇంటిలో మరియొకరు పూనుకొననిచో, చేర్పించియు చేర్పింపనట్లే యగును.

ఆశింపదగినది

ఎనిమిది వారములకు మనశ్శాంతి లభించునని తలచి పోవువాడు మూడవ వారమునకే నిరాశతో మానివేయును. ఇందు నేర్పునది శాంతి గాదు. మనస్సు వెడలిపోయినట్లు తెలిసికొని, తన్ను తాను నిందించుకొనక మరలించుట. 2000 సంవత్సరమున 145 మందిపై జరిగిన పరిశోధన ప్రకటింపబడినది. అందు మూడుసార్లు గాని అంతకు మించి గాని కుంగుబాటునకు లోనైనవారిలో, సాధారణ చికిత్స మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి వ్యాధి తిరుగబెట్టగా, ఈ శిక్షణ కూడ పొందినవారికి 37 మందికి తిరుగబెట్టెను. రెండుసార్లు మాత్రమే లోనైనవారికి అట్టి మేలు కానరాలేదు. 2015లో 424 మందిపై ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, మందులు కొనసాగించినవారికిని, ఈ శిక్షణతోపాటు వైద్యుని సహాయమున మందులు తగ్గించుకొనినవారికిని రెండేండ్ల ఫలితము దాదాపు సమానముగా నుండెను. కావున ఇది సర్వరోగనివారిణి గాదు, వ్యర్థమును గాదు. వైద్యుని అనుమతి లేక మందు మానుట ప్రమాదకరము. ఘోరమైన భయానుభవములు గలవారును, మతిభ్రమకు లోనైనవారును ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. ప్రాణము తీసికొనవలెనను తలంపు పీడించుచున్నచో తరగతికై వేచియుండరాదు; వెంటనే వైద్యుని కడకు పోవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన "టెలి మానస్" సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగునందే మాటలాడవచ్చును.

భక్తులకొక మనవి

"నిత్యము నామజపము చేయు ఇంటిలో దిగులేమి? భక్తి చాలకనే గదా!" అని కొందరందురు. ఆ మాట రోగికి రెండవ రోగమగును. జ్వరము భక్తునికిని వచ్చును, కుంగుబాటును అట్టిదే. జపమును మందుగా కొలిచి చూచుట జపమునకు గౌరవము గాదు. చికిత్సకు పోవుట భక్తికి లోపమును గాదు. మనస్సును పట్టుట గాలిని పట్టినట్లు కష్టమని అర్జునుడు మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణ భగవానుడు అతనిని కోపించలేదు. కష్టమేయని ఒప్పుకొని, అభ్యాసమును, వైరాగ్యమును ఉపాయములుగా చూపెను. మన యింటిలో ఎవరైన మనస్సు నిలువక బాధపడుచున్నచో, మనము మొదట అనవలసినది "అవును, కష్టమే" అను మాట. ఆ పిమ్మట వారిని చేయిపట్టుకొని వైద్యుని కడకు తోడ్కొని పోవలెను.